మా నాయన ఫోనులో ఒక శాసనం

మా చరిత్ర సారు ఈ ఏడు పదో తరగతి వాళ్లందరికీ ఒక పని పెట్టారు. "రాజుల చరిత్ర పుస్తకంలో ఉండనే ఉంది. మీరు మీ ఇంట్లో ఉండే ఒక వస్తువు చరిత్ర రాసుకుని రండి. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. విన్నది విన్నట్టు రాస్తే అది కథ. ఆధారం చూపిస్తేనే చరిత్ర" అన్నారు. మా క్లాసులో ఒకరు తిరగలి గురించి రాశారు. ఇంకొకరు ముత్తాత నాటి భోషాణం గురించి రాశారు. నేను మా నాయన ఫోను గురించి రాస్తానంటే అందరూ నవ్వారు. నిన్నమొన్నటి వస్తువుకు చరిత్ర ఏముంటుంది, దానికి ఆధారం ఎక్కడ దొరుకుతుంది అన్నారు.

ఆధారం ఫోనులోనే దొరికింది. సెట్టింగుల్లోకి పోయి, ఫోను వివరాలు ఉండే చోట నొక్కి, కిందికి పోతే ‘కెర్నెల్ వెర్షన్’ అని ఒక వరుస కనిపిస్తుంది. మా నాయన ఫోనులో అక్కడ 3.10 అనే అంకెతో మొదలై, దాన్ని తయారుచేసిన కంప్యూటరు పేరు, తయారైన తేదీ, గంట, నిమిషం అన్నీ ఉన్నాయి. శాసనంలో రాజు పేరు, శక సంవత్సరం, తిథి చెక్కినట్లే ఉంది. సారుకు చూపిస్తే కళ్లద్దాలు సరిచేసుకుని రెండుసార్లు చదివారు. "ఇదే నీ శాసనం. దీని వెనక ఏముందో తవ్వు" అన్నారు.

నేను తవ్వడానికి సారు మాట ఒక్కటే కారణం కాదు. ఆ ఫోను మా ఇంటికి అన్నం పెట్టే ఫోను.

తెల్లవారుజాము పిలుపు

మాది హోసూరు పక్క పల్లె. ఈ చుట్టుపక్కల గులాబీ తోటలు ఎక్కువ. మా అమ్మ ఒక తోటలో పూలు కోసే పనికి పోతుంది. మా నాయన చిన్న టెంపో నడుపుతాడు. తెల్లవారుజామున 4 గంటలకు తోట వాళ్లు ఫోను చేస్తే పూల లోడు ఎత్తుకుని బెంగళూరు మార్కెట్టుకు పోతాడు. ఫోను ఎత్తకపోతే ఆ లోడు ఇంకో బండికి పోతుంది. కోసిన పూలు ఎవరి కోసమూ కాచుకోవు కదా.

2016లో కొన్న ఫోను అది. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ. కంపెనీ దానికి అప్‌డేట్లు పంపడం ఎప్పుడో మానేసింది. పోయిన ఎండాకాలం నుంచి అది మరీ మొరాయించింది. రింగు వినిపిస్తుంది, తెర మీద పచ్చ బొత్తాం మాత్రం రాదు. వచ్చేలోపల అవతలివాళ్లు పెట్టేస్తారు. అట్లా ఒకే నెలలో రెండు లోడ్లు పోయాయి. అక్కకు కాలేజీ ఫీజు కట్టిన నెల అది. కొత్త ఫోను మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మా పెద్దమ్మ కొడుకు బెంగళూరులో సెల్ ఫోన్లు బాగుచేసే అంగట్లో పని చేస్తాడు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి ఫోను చూసి, "కొత్తది ఎందుకు చిన్నాయనా? దీని కెర్నెల్ మార్చేస్తే రాకెట్ మాదిరి పోతుంది" అన్నాడు.

"మారిస్తే ఫోను చచ్చిపోదు కదా?" అని నాయన అడిగాడు.

అన్న కొంచెంసేపు మాట్లాడలేదు. "గట్టిగా చెప్పలేను చిన్నాయనా. ముందు అంతా కాపీ తీసి పెట్టుకుందాము" అన్నాడు.

ఇంకో ఆదివారానికి చేద్దామని అనుకున్నారు. ఈలోపల ఆ వారమంతా నేను కెర్నెల్ గురించి దొరికినంతా చదివాను.

టెంకలో జీడి

మా కృష్ణగిరి జిల్లా మామిడికి పేరు పడింది కాబట్టి మామిడిపండుతోనే చెప్తాను. పండు మీద మనకు కనిపించేది గుజ్జు. గుజ్జు లోపల టెంక, టెంక పగలగొడితే జీడి. ఇంగ్లీషులో కెర్నెల్ అంటే ఆ జీడి లాంటి లోపలి గింజ. ఫోనులో మనం నొక్కే ఆప్‌లన్నీ పైన ఉండే గుజ్జు. లోపల, కంటికి కనబడకుండా ఉండే ప్రోగ్రాము కెర్నెల్.

దాని పనేమిటి? మా వీధి కొళాయి దగ్గర ఇరవై బిందెలు వరసలో ఉంటాయి. ఒకే కొళాయి. ఎవరి బిందె ముందు పెట్టాలి, ఎంతసేపు పట్టుకోనివ్వాలి అని చెప్పే పెద్దమనిషి లేకపోతే గొడవే. ఫోనులో కొళాయి ప్రాసెసరు, బిందెలు ఆప్‌లు. వంతులు వేసే కెర్నెల్ భాగాన్ని షెడ్యూలర్ అంటారు. ప్రాసెసరు ఎంత వేగంగా నడవాలో చెప్పే భాగం పేరు గవర్నర్. ఈ మాట నాయనకు చెప్పగానే అర్థమైంది. "మా బండికీ స్పీడు గవర్నర్ ఉంది కదా" అన్నాడు. ఇవి కాక జ్ఞాపకశక్తిని పంచడం, స్టోరేజీలో రాయడం, వేడెక్కితే వేగం తగ్గించడం, టచ్‌నూ స్పీకరునూ రేడియోనూ నడిపించడం, అన్నీ దాని చేతిలోనే ఉంటాయి.

కంపెనీ ఇచ్చిన కెర్నెల్ తీసేసి, బయటివాళ్లు మార్చి తయారుచేసినది పెట్టుకుంటే దాన్ని కస్టమ్ కెర్నెల్ అంటారు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇక్కడే. కంపెనీ వస్తువు లోపలి జీడిని ఎవరో బయటివాళ్లు ఎట్లా మార్చగలుగుతారు? ఆ హక్కు వాళ్లకు ఎవరిచ్చారు? దీనికి జవాబు కోసం ఫిన్లాండు దాకా పోవలసి వచ్చింది.

హెల్సింకి నుంచి హోసూరు దాకా

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి ఉండేవాడు. ఆండ్రూ టానెన్‌బామ్ అనే ఆచార్యుడు 1987లో పిల్లలకు పాఠం చెప్పడానికి రాసిన మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ అతని దగ్గర ఉండేది. అది అతనికి చాలలేదు. తన 386 కంప్యూటరు కోసం సొంతంగా ఒకటి రాసుకోవడం మొదలుపెట్టాడు. 1991 ఆగస్టు 25న ఆ సంగతి నలుగురికీ తెలియజేస్తూ, ఇది సరదాకు చేస్తున్నదే, పెద్దదేమీ కాదు అనే అర్థం వచ్చేట్టు రాశాడు. ఆ సెప్టెంబరులో విడుదలైన మొదటి కెర్నెల్‌లో సుమారు 10,000 వరుసల కోడు ఉంది. 1994 మార్చిలో 1.0 వచ్చేసరికి అది 1,76,000 వరుసలు దాటింది. దానికే లైనక్స్ అని పేరు.

అంతకన్నా ముఖ్యమైన సంవత్సరం 1992 అని నా అభిప్రాయం. ఆ ఏడు టోర్వాల్డ్స్ తన కెర్నెల్‌ను జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆ లైసెన్సు రాసినవాడు అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్. దాని సారం ఇది. ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే మాత్రం దాని సోర్సు కోడు కూడా వాళ్లకు అందేట్టు చేయాలి. పండు ఇచ్చినవాడు విత్తనం దాచుకోకూడదు అన్నమాట.

కాలిఫోర్నియాలో ఆండీ రూబిన్, మరి ముగ్గురు కలిసి 2003లో ఆండ్రాయిడ్ అనే కంపెనీ పెట్టారు. 2005లో గూగుల్ దాన్ని కొన్నది. వాళ్లు ఫోను కోసం కెర్నెల్‌ను మొదటి నుంచీ రాయలేదు, లైనక్స్‌నే తీసుకున్నారు. అందువల్ల ఆ లైసెన్సు కూడా ఫోనులోకి వచ్చింది. కెర్నెల్ సోర్సు కోడు బయట పెట్టవలసిన బాధ్యత ఫోను చేసే కంపెనీల మీద పడింది. నేను అడిగిన ప్రశ్నకు జవాబు అదే. మా నాయన ఫోను లోపలి జీడిని మార్చే హక్కు ఎవరో కంపెనీ యజమాని దయతలచి ఇచ్చినది కాదు. 1992లో ఒక విద్యార్థి తీసుకున్న నిర్ణయం నుంచి వచ్చినది.

ఆండ్రాయిడ్‌తో మొదట అమ్మకానికి వచ్చిన ఫోను టీ-మొబైల్ జీ1. హెచ్‌టీసీ తయారుచేసింది. 2008 అక్టోబరులో అమెరికాలో విడుదలైంది. ర్యామ్ 192 ఎంబీ మాత్రమే. దాని గురించి ఒక తమాషా జరిగింది. ఆ ఫోనుకు జారే కీబోర్డు ఉండేది. ఏదో పొరపాటు వల్ల ఆ కీబోర్డు మీద టైపు చేసిన ప్రతి మాటా లోపల సర్వాధికారంతో నడిచే ఆజ్ఞగా కూడా పోయేది. ఎవరికైనా ‘రీబూట్’ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కితే ఫోను నిజంగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. ఆ నవంబరులో ఈ సంగతి బయటపడింది. గూగుల్ వెంటనే సరిచేసింది. కానీ అప్పటికే ఫోను లోపలికి దారి ఉందని అందరికీ తెలిసిపోయింది.

ఆ ఫోను ప్రాసెసరు 528 మెగాహెర్ట్జ్ వరకు నడవగలదు. బ్యాటరీ కోసం దాన్ని 384 దగ్గరే ఆపి ఉంచారు. బయటివాళ్లు కెర్నెల్ మార్చి ఆ పరిమితి తీసేశారు. స్టీవ్ కాండిక్ అనే ప్రోగ్రామరు 2009లో మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ ఇట్లాంటి మార్పులన్నిటినీ ఒక చోట చేర్చింది. అది 2016 చివర ఆగిపోయింది. ఆ పనినే ఇంకొందరు లీనియేజ్ ఓఎస్ అనే పేరుతో కొనసాగిస్తున్నారు. కంపెనీలు వదిలేసిన ఎన్నో పాత ఫోన్లు ఇట్లాంటివాళ్ల వల్లనే ఇంకా బతికి ఉన్నాయి.

అంతా సాఫీగా జరగలేదు. ఫోను బ్యాటరీ మిగలాలంటే అది క్షణం తీరిక దొరికినా నిద్రపోవాలి. దాని కోసం ఆండ్రాయిడ్ వాళ్లు చేసిన మార్పులు లైనక్స్ పెద్దలకు నచ్చలేదు. 2010లో ఆండ్రాయిడ్ కోడును అసలు కెర్నెల్ నుంచి తీసేశారు. వాదోపవాదాల తర్వాత 2012 మార్చిలో వచ్చిన 3.3తో అందులో చాలా భాగం తిరిగి చేరింది. మా నాయన ఫోను శాసనంలోని 3.10 విడుదలైనది 2013 జూన్‌లో. అంటే అన్నదమ్ములు మళ్లీ కలిసిన తర్వాతి తరం అది.

మొదటి పరీక్ష, నా తప్పు

అన్న వచ్చే ముందు రోజు నేను నోటుబుక్కులో మూడు పరీక్షలు రాసుకున్నాను. ఒకటి, ఫోను ఆన్ చేసినప్పటి నుంచి తెర సిద్ధమయ్యేదాకా ఎన్ని సెకన్లు. రెండు, మెసేజీల ఆప్ నొక్కితే తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు. మూడు, అమ్మ ఫోను నుంచి రింగు ఇస్తే పచ్చ బొత్తాం కనబడడానికి ఎన్ని సెకన్లు. ఒక్కొక్కటి 5 సార్లు చేసి, అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చి, మధ్యది తీసుకోవాలి. ప్రతిసారీ బ్యాటరీ 80 శాతం పైన ఉండాలి, ఫోను చల్లగా ఉండాలి.

వేగం కొలిచే రెడీమేడ్ ఆప్‌లు ఉన్నాయి కదా అని అక్క అడిగింది. 2013లో ఆనంద్‌టెక్ అనే పత్రిక వాళ్లు కనిపెట్టిన సంగతి నేను అప్పటికే చదివాను. కొన్ని పేరున్న ఫోన్లు అట్లాంటి ఆప్ తెరిచినప్పుడు గుర్తుపట్టి అప్పటికి మాత్రం వేగం పెంచుకునేవట. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రమే బడి ఊడ్చినట్లు. అందుకే నాయనకు నిజంగా అవసరమైన పనులనే కొలవాలనుకున్నాను.

మధ్య అంకెలు ఇవి. ఆన్ కావడానికి 94 సెకన్లు. మెసేజీలకు 9. పచ్చ బొత్తానికి 5.

ఆదివారం సాయంత్రం పని మొదలైంది. ముందు నాయన సిమ్ తీసి అవ్వ బొత్తాల ఫోనులో వేశాము. తెల్లవారుజాము పిలుపు తప్పకూడదు కదా. ఫొటోలు, నంబర్లు అన్నీ అన్న ల్యాప్‌టాప్‌లోకి కాపీ తీశాము. తర్వాత బూట్‌లోడర్ తాళం తీయాలి. ఫోను ఆన్ కాగానే ఏ కెర్నెల్‌ను లేపాలో చూసే కాపలాదారు బూట్‌లోడర్. దాని తాళం తీస్తే ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. దొంగ చేతిలో పడితే మన సమాచారం వాడికి దొరకకూడదని పెట్టిన ఏర్పాటు అది. ఆ తర్వాత పాత కెర్నెల్‌కు కూడా అన్న ఒక కాపీ తీశాడు.

రాత్రి 9 గంటలకు కొత్త కెర్నెల్ ఎక్కించాము. కంపెనీ బొమ్మ వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. అరగంటసేపు అదే వరస. అన్న ముఖం పాలిపోయింది. నాయన ఏమీ అనలేదు. వాకిట్లోకి పోయి బండి టైర్లు చూసి వచ్చాడు. ఎప్పుడూ రాత్రిపూట టైర్లు చూడడు. నాకు కడుపులో తిప్పినట్లయింది.

11 గంటలకు కారణం తెలిసింది. మా ఫోను పేరుతోనే లోపలి భాగాలు వేరుగా ఉండే ఇంకో రకం ఉంది. అన్న తెచ్చినది ఆ రకానికి చేసిన కెర్నెల్. కాపీ తీసి పెట్టిన పాత కెర్నెల్‌ను తిరిగి ఎక్కిస్తే ఫోను లేచింది. సరైన దాన్ని వెతికి ఎక్కించేసరికి ఒంటిగంట దాటింది. నాయనకు అవసరమైన ఆప్‌లు నాలుగైదు మాత్రం వేశాము.

పొద్దున కొలిచాను. ఆన్ కావడానికి 61 సెకన్లు. మెసేజీలకు 4. పచ్చ బొత్తానికి 2. అన్న ఎగిరి గంతేశాడు. "చూసినావా పాపా! నేను చెప్పలేదా రాకెట్ అని!" నేనూ గంతేశాను. వ్యాసం అయిపోయింది అనుకున్నాను.

బడిలో సారుకు అంకెలు చూపించాను. ఆయన ఒకటే అడిగారు. "నువ్వు మార్చింది కెర్నెల్ ఒక్కటేనా?"

ఇంటికి వచ్చేదాకా ఆలోచించాను. మార్చింది ఒక్కటి కాదు. తాళం తీసినప్పుడు ఫోను మొత్తం ఖాళీ అయింది. నిండిన ఫోనులో పాత కెర్నెల్‌ను, ఖాళీ ఫోనులో కొత్త కెర్నెల్‌ను పోల్చాను. రెండు మారినప్పుడు గెలుపు దేనిదో ఎట్లా చెప్పగలను?

మెల్‌బోర్న్ డాక్టరు

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. కాన్ కొలివాస్ ఆస్ట్రేలియాలో మత్తుమందు ఇచ్చే డాక్టరు. కంప్యూటరు చదువు చదవలేదు. తన కంప్యూటరులో పాట వింటూ ఇంకో పని చేస్తే పాట ఆగి ఆగి వస్తోందని విసిగి, సొంతంగా ప్రోగ్రామింగు నేర్చుకుని కెర్నెల్‌లో వంతులు వేసే భాగాన్ని మార్చసాగాడు. ‘నాకు మెత్తగా నడుస్తున్నట్టు ఉంది’ అంటే ఎవరూ ఒప్పుకోరని ఆయనకు తెలుసు. అందుకే కాన్‌టెస్ట్ అని ఒక కొలిచే ప్రోగ్రాము రాశాడు. యంత్రం మీద రకరకాల బరువులు వేసి, ఒకే పనికి ఎంత సమయం పడుతుందో చూసేది అది.

2007లో అందరికీ సమానంగా వంతులు వేసే కొత్త షెడ్యూలర్ తెచ్చాడు. కానీ అసలు కెర్నెల్‌లో చేరింది అది కాదు. ఇంగో మోల్నార్ అనే అనుభవం ఉన్న ప్రోగ్రామరు అదే ఆలోచన దారిలో రాసిన సీఎఫ్ఎస్ చేరింది. ఆలోచనలో కొలివాస్ పాలు ఉందని మోల్నార్ చెప్పాడు. అయినా కొలివాస్ మనసు విరిగి ఆ ఏడే తప్పుకున్నాడు. 2009లో బీఎఫ్ఎస్ అనే ఇంకో షెడ్యూలర్‌తో మళ్లీ వచ్చాడు. మోల్నార్ దాన్ని 16 ప్రాసెసర్లుగా పనిచేసే పెద్ద యంత్రం మీద పరీక్షించి, అసలు కెర్నెలే మెరుగని అంకెలు చూపించాడు. ఇంట్లో వాడే చిన్న యంత్రాల కోసం నేను రాస్తే అంత పెద్దదాని మీద కొలవడం ఏమిటని కొలివాస్ అడిగాడు. ఎద్దులబండిని, లారీని ఒకే రోడ్డు మీద పందెం పెట్టినట్లు ఉంది ఆ తగాదా.

ఫోన్లకు సంబంధించిన సంగతి దాని తర్వాత జరిగింది. బీఎఫ్ఎస్‌ను ఆండ్రాయిడ్ వాళ్లు తమ ప్రయోగశాఖలో పెట్టి చూశారు. ఏ ఫోనులో ఏది ఉందో వాడేవాళ్లకు చెప్పకుండా ఇచ్చారు. దీన్ని ఇంగ్లీషులో గుడ్డి పరీక్ష అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. వాడినవాళ్లకు మెరుగు కనిపించలేదు. అందుకని 2010లో వచ్చిన ఆండ్రాయిడ్ 2.2లో దాన్ని చేర్చలేదు. కస్టమ్ కెర్నెల్ చేసేవాళ్లు మాత్రం కొందరు దాన్ని వాడుతూనే ఉన్నారు.

ఇది చదివాక మా ఇంట్లోనూ అదే చేయాలని అనిపించింది.

మా ఇంటి గుడ్డి పరీక్ష

తర్వాతి ఆదివారం ఖాళీ ఫోనులోనే, అవే ఆప్‌లతో, పాత కెర్నెల్‌ను తిరిగి పెట్టి కొలిచాను. ఆన్ కావడానికి 63 సెకన్లు. మెసేజీలకు 4. పచ్చ బొత్తానికి 2. కొత్త కెర్నెల్‌తో పోలిస్తే తేడా ఆన్ కావడంలో 2 సెకన్లు, అంతే.

అన్న ఒప్పుకోలేదు. "అంకెల్లో కనబడదు పాపా, చేతికి తెలుస్తుంది" అన్నాడు. సరే అని గుడ్డి పరీక్ష పెట్టాము. నాణెం ఎగరేసి, బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది. ఎక్కించడం అప్పటికి నేను నేర్చుకున్నాను. అన్న గది బయట కూర్చున్నాడు. అక్క కాగితం మీద రాసుకుంది. ఇట్లా 10 సార్లు. అన్న 5 సార్లు సరిగ్గా చెప్పాడు, 5 సార్లు తప్పు చెప్పాడు. నాణాన్నే అడిగినా అంతే చెప్పి ఉండేది. అమ్మ పాత కెర్నెల్ ఉన్నప్పుడు "ఇప్పుడు బాగుంది" అన్నది. నాయన "రెండూ ఒకటే" అన్నాడు.

ప్రాసెసరు వేగం పెంచి చూద్దామని అన్న చివరి ప్రయత్నం చేశాడు. ప్రధాన సంఖ్యలు వెతికే ఒక చిన్న ప్రోగ్రామును వరసగా 5 సార్లు నడిపాము. పాత కెర్నెల్‌తో మొదటిసారి 40 సెకన్లు, అయిదోసారి 43. వేగం పెంచిన కొత్తదానితో మొదటిసారి 35 సెకన్లు, అయిదోసారి 51. ఫోను పట్టుకోలేనంత వేడెక్కింది. వేడెక్కగానే అది తన వేగం తానే తగ్గించుకుంది. నాయన నవ్వాడు. "సేలం నుంచి వస్తా తొప్పూరు ఘాటు మొదట్లోనే తొక్కేస్తే ఇంజను మధ్యలో నిలబడుతుంది. దానికీ ఇంజనే కదా ఉండేది" అన్నాడు.

మరి ఫోను ఎందుకు బాగుపడింది? అదీ కొలిచే తేల్చాలి కదా. పాత కెర్నెల్‌నే ఉంచి, ల్యాప్‌టాప్‌లో దాచిన ఫొటోలు, వీడియోలు 9 జీబీ అంతా తిరిగి ఫోనులో నింపాను. అన్నీ శుభోదయం బొమ్మలు, పెళ్లి వీడియోలు, ఎవరో పంపితే వచ్చినవి. మెసేజీలకు 8 సెకన్లు, పచ్చ బొత్తానికి 4. దొంగ దొరికాడు. ఫోను స్టోరేజీలో పాత రాతను ముందు చెరిపితేగానీ కొత్తది రాయలేము, అదీ గుత్తగా చెరపాలి. ఖాళీ చోటు లేకపోతే ఉన్నవాటిని అటూ ఇటూ జరిపి చోటు చేసుకోవాలి. మూటలు నిండిన గదిలో ఇంకో మూట పెట్టడానికి పది మూటలు జరిపినట్లు.

ఏం నిర్ణయించాము

ఇంకో చిక్కు కూడా వచ్చింది. బూట్‌లోడర్ తాళం తీసిన ఫోనులో నాయన డబ్బులు తీసుకునే ఆప్ పనిచేయలేదు. ఎవరైనా లోపల మార్పులు చేసి ఉండవచ్చని అది అనుమానిస్తుంది. పూల లోడు బాడుగ నాయనకు దాంట్లోనే వస్తుంది. అందుకని అన్న కంపెనీ కెర్నెల్‌నే పెట్టి, తాళం వేసేశాడు. మళ్లీ అంతా తుడిచిపెట్టుకుపోయింది. ఈసారి వీడియోలు తిరిగి ఎక్కించలేదు. మా పెళ్లిళ్లు, పేరంటాలు అన్న ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి.

కస్టమ్ కెర్నెల్ దండగ అని నేను అనను. జీ1 ఫోనులో ఆపి ఉంచిన వేగాన్ని బయటికి తీసింది అదే. కంపెనీలు వదిలేసిన ఫోన్లను బతికిస్తున్నదీ అట్లాంటి పనే. కొలివాస్ లాంటి డాక్టరు అడగకపోతే పెద్దలు వంతుల సంగతి అంత త్వరగా పట్టించుకునేవాళ్లు కాదేమో. మా ఫోనుకు వచ్చిన జబ్బు మాత్రం అది కాదు. కొలవకపోయి ఉంటే, లేని జబ్బుకు మందు వేసి, నయమైందని ఊరంతా చెప్పుకునేవాళ్లం.

అన్న ఇప్పుడు అంగట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఫోను నిదానంగా ఉందని ఎవరైనా వస్తే ముందు స్టోరేజీ ఎంత నిండిందో చూస్తాడు. "నీ వల్ల నాకు బేరం తగ్గింది పాపా" అని నన్ను ఆటపట్టిస్తాడు. పగిలిన తెర ఉన్న ఒక పాత ఫోను నాకు తెచ్చి ఇచ్చాడు. దాన్ని ఎన్నిసార్లు చంపినా ఎవరి లోడూ పోదు. కెర్నెల్ మార్పులన్నీ ఇక దాని మీదనే.

నాయన ఫోను సెట్టింగుల్లో ఆ శాసనం మళ్లీ మొదటి మాదిరే ఉంది. 3.10, అదే కంప్యూటరు పేరు, అదే తేదీ. మధ్యలో మూడు వారాలు అక్కడ ఏం జరిగిందో ఆ వరుస చూస్తే ఎవరికీ తెలియదు. నా నోటుబుక్కులో మాత్రం అన్నీ ఉన్నాయి, తప్పు కొలిచిన మొదటి అంకెలతో సహా. వాటిని కొట్టివేయవద్దని సారు చెప్పారు.

నిన్న తెల్లవారుజామున రింగు వినబడి మెలకువ వచ్చింది. రెండో రింగు పూర్తి కాకముందే నాయన "ఆ, వస్తా ఉండా" అనడం వినిపించింది.

— పదో తరగతి విద్యార్థిని